కొమురయ్యకు మిగిలిన మాట

రాజుగారు గుమ్మం బయట చెప్పులు విడిచి లోపల అడుగు పెట్టారో లేదో, మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చున్న కొమురయ్య ముఖం నిండా నవ్వుతో, "నీ యవ్వ!" అన్నాడు.

రాజుగారిది భీమవరం పక్కన పల్లెటూరు. అక్కడ తల్లిని ఎత్తి ఒక మాట అన్నారంటే ఆ తర్వాత మాటలుండవు, చేతులే. పైగా ఆయన పెద్ద శాస్త్రవేత్త, హనుమకొండలోని పరిశోధన కేంద్రానికి అధిపతి, చేతిలో దానిమ్మపళ్ల సంచీతో పరామర్శకు వచ్చిన మనిషి. ఆ సంచీ ఎవరికివ్వాలో, అసలు ఇవ్వాలో వద్దో తేల్చుకోలేక అలాగే నిలబడిపోయారు.

కొమురయ్య కూతురు స్వరూప గబగబా ముందుకొచ్చింది. "సార్, అది తిట్టు కాదు. అంటే, తిట్టే. కానీ ఇప్పుడు తిట్టలేదు. రండి కూర్చోండి అన్నాడు, అనుకుంటున్నాను."

"అనుకుంటున్నారా?" అన్నారు రాజుగారు.

"అంతే సార్. ఆరు నెలలుగా మేమందరం అనుకుంటూనే ఉన్నాం."

కాజీపేట రైల్వే గ్యాంగులో ముప్పై నాలుగేళ్లు పట్టాలు మోసి రిటైరైన కొమురయ్యకు ఆరు నెలల కింద పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. వాటితోపాటు మాటలన్నీ పోయాయి. కూతురి పేరు పోయింది, భార్య పేరు పోయింది, 'అన్నం', 'నీళ్లు' పోయాయి. ఊడ్చిపెట్టినట్టు అన్నీ పోగా ఒక్కటి మిగిలింది, "నీ యవ్వ".

అదేమీ వింత కాదని డాక్టరు చెప్పాడు. మనం ఆలోచించి కూర్చుకునే మాటలు మెదడులో ఒకచోట తయారవుతాయట. తిట్లు, దేవుడి పేర్లు, ఒకటి రెండు మూడు అనే లెక్క లాంటి నోటికి పట్టేసిన మాటలు ఇంకోచోట దాగి ఉంటాయట. మొదటిది దెబ్బతిన్నా రెండోది బతికిపోతుంది. కొందరికి దేవుడి పేరు మిగులుతుంది, కొందరికి లెక్క మిగులుతుంది, మీ నాన్నగారికి ఇది మిగిలింది అన్నాడాయన.

"కొంరెల్లి మల్లన్నా అని మిగిలితె ఏం బోతుండె?" అని ఆ రోజు నుంచి కొమురయ్య భార్య ఉప్పలమ్మ ఏడుస్తూనే ఉంది. "నలభై ఏండ్ల సంసారంల నా ముంగట ఒక్క పాడుమాట అన్నోడు గాదు. ఇప్పుడు పొద్దున లేత్తె అదే, పండుకుంటె అదే. సుట్టపోల్లు వత్తె నేను మొకం యాడ పెట్టుకోవాలె బిడ్డా?"

నిజానికి కాజీపేటలో ఆ మాటకు లెక్కేలేదు. బస్సు తప్పిపోతే నీ యవ్వ. చారులో ఉప్పెక్కువైతే నీ యవ్వ. చిన్ననాటి దోస్తు పదేళ్లకు కనిపిస్తే కావలించుకుని మరీ నీ యవ్వ. కానీ కొమురయ్య నోట ఇంట్లో ఏనాడూ వినని మాట కాబట్టి ఉప్పలమ్మకు అది మామూలుగా వినిపించలేదు. ఆమె తలుపులు మూసేసింది. పలకరించడానికి ఎవరొచ్చినా "పండుకున్నడు" అని వాకిట్లో నుంచే పంపించేది. గ్యాంగులో మేటుగా, అంటే అందరికీ పెద్దగా, చేసిన యాకూబ్ మూడుసార్లు వచ్చి మూడుసార్లూ అలాగే వెళ్లిపోయాడు.

స్వరూప ఊరుకోలేకపోయింది. రాజుగారి కేంద్రంలో ఆమె పనిచేసేదే మాటల మీద. మనిషి గొంతులోని ఒత్తిడి, ఊపిరి లాగే తీరు, గుండె వేగం, చర్మం వేడి, వీటన్నిటినీ కలిపి చదివితే నోటి మాట ఏదైనా లోపలి ఉద్దేశం పట్టుకోవచ్చని ఆమె నమ్మకం. అలా పుట్టింది దుబాసి. చూడడానికి మెడకు కట్టుకునే మెత్తని పట్టీ, దానికి బొత్తాం అంత స్పీకరు. కొమురయ్య "నీ యవ్వ" అంటే అది అర సెకను ఆలోచించి, ఆయన ఏమనుకుని అన్నాడో మామూలు తెలుగులో చెప్పాలి. రాజుగారు ఆ రోజు ఇంటికొచ్చింది పళ్లివ్వడానికే కాదు, తమ మొదటి రోగిని కళ్లారా చూసుకోవడానికి కూడా.

యంత్రానికి నేర్పాలంటే తిట్లు కావాలి. ఒకే తిట్టును వందలమంది వందల సందర్భాల్లో తిట్టి, ప్రతిదానికీ తమ ఉద్దేశమేమిటో చెప్పాలి. కేంద్రంలో చదువుకునే పిల్లలను పిలిచారు. మెడకు పట్టీ కట్టి, "మీకు బాగా కోపం తెప్పించిన మనిషిని తలుచుకుని అనండి" అంటే ఒకబ్బాయి లేచి నిలబడి, దండం పెట్టి, "మేడమ్, మీరు బయటికి వెళ్తే అంటాను" అన్నాడు. ఇంకొకమ్మాయి తిట్టిన ప్రతిసారీ మైకుకు సారీ చెప్పింది. మొత్తానికి నెల రోజుల్లో నాలుగు వేల తిట్లు పోగయ్యాయి. కోపం, ప్రేమ, ఆశ్చర్యం, నొప్పి, విసుగు, సరే, వద్దు అంటూ పదకొండు గడులు గీసి వాటిల్లో సర్దారు.

మొదటి రోజు ఉప్పలమ్మ గిన్నెలో జావ తెచ్చి మంచం పక్కన కూర్చుంది. కొమురయ్య ఆమెను చూసి, "నీ యవ్వ" అన్నాడు మెత్తగా. దుబాసి గొంతు సవరించుకున్నట్టు చిన్న చప్పుడు చేసి, "నువ్వంటే నాకు అసహ్యం. ఇక్కడి నుంచి పో" అంది.

ఉప్పలమ్మ చేతిలోని చెంచా గిన్నెలో పడిపోయింది. కొమురయ్య ఉన్న ఒక్క చేత్తో మెడ మీది పట్టీని పీక్కోబోయాడు. కళ్లు పెద్దవి చేసి, తల అడ్డంగా ఊపుతూ, "నీ యవ్వ! నీ యవ్వ!" అని అరిచాడు. అరిచిన ప్రతిసారీ ఆ పట్టీ ఇంకో కొత్త అసహ్యాన్ని చదివి వినిపించింది. స్వరూప పరుగెత్తుకొచ్చి దాన్ని ఆపేసేసరికి తల్లి కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. తన చేతులతో తన తల్లికి ఆ మాటలు వినిపించానే అని స్వరూప ఆ పూటంతా అన్నం ముట్టలేదు.

తప్పెక్కడుందో రెండు రోజులకు దొరికింది. తిట్టిన పిల్లల్లో ముప్పాతిక మంది గోదావరి, కృష్ణా జిల్లాల వాళ్లు. వాళ్లకు ఆ మాట అలవాటు లేదు, అనమంటే నిజంగా కోపం తెచ్చుకుని అన్నారు. ఉద్దేశాలను గడుల్లో సర్దినవాళ్లూ వాళ్లే.

"మా వాళ్ల చెవులతో మీ వాళ్ల మాట విన్నాం స్వరూపగారూ," అన్నారు రాజుగారు నొచ్చుకుంటూ. "మళ్లీ మొదలెడదామండీ. ఈసారి ఇక్కడి వాళ్లని పట్టుకుందాం."

ఈసారి ఆటో అడ్డాకు, మిర్చి యార్డుకు, క్రికెట్టు గ్రౌండుకు వెళ్లారు. ఇక్కడి జనానికి బతిమాలాల్సిన పని పడలేదు. పట్టీ కట్టీ కట్టకముందే మొదలుపెట్టారు. ఆరు వేలు పోగయ్యాయి. ఆ పాఠం నేర్చుకుని వచ్చిన దుబాసికి లోకమంతా స్నేహంగా కనిపించసాగింది. ఒకనాడు వేడి చాయ్ ఒలికి తొడ కాలి కొమురయ్య "నీ యవ్వ!" అని కేకపెడితే, "ఏం దోస్తూ, మంచిగున్నావా?" అని పలకరించింది. స్వరూపకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ రెండు పాఠాలనూ కలిపి, సరిచూసి, మళ్లీ కలిపి నేర్పగా నేర్పగా నాలుగో నెలకు దుబాసి కాస్త దారికొచ్చింది. ఫ్యాను తిప్పమన్నాడా, పక్క మార్చమన్నాడా, టీవీ కట్టేయమన్నాడా అన్నది పదిసార్లలో ఏడుసార్లు సరిగ్గా చెప్పేది.

ఉప్పలమ్మకు మాత్రం దానితో పని లేకపోయింది. అది నోరు తెరిచేలోపే ఫ్యాను తిప్పేసేది. "ఆయనకు ఉక్కపోత్తాందని దానికెవలు జెప్పాలె? నాకు కండ్లు లేవా?" అనేది.

అప్పుడొచ్చింది ఆపరేషన్ మాట.

పట్టీ బయటి నుంచి ఊహిస్తుంది, అంతే. గోరంత పలకను పుర్రె కింద, మెదడును ఆనించి పెడితే ఊహించాల్సిన పనే ఉండదు. మనిషి అనుకున్నది అనుకున్నట్టు, మాటకు మాట బయటికి వస్తుంది. పలక సిద్ధంగా ఉంది. చేసే ఆసుపత్రి సిద్ధంగా ఉంది. కానీ ఈ వయసు వాళ్లలో పదిమందికి ముగ్గురు బల్ల మీదే పోయే ప్రమాదముందని డాక్టర్లు దాచకుండా చెప్పారు. అందుకే రోగి తనంతట తాను ఒప్పుకోవాలి. ఆసుపత్రి తరఫున ముగ్గురు సభ్యుల సంఘం ఇంటికొచ్చి, వారానికోసారి చొప్పున మూడుసార్లు అడిగి, మూడుసార్లూ ఒకే జవాబొస్తేనే సంతకం పెడుతుంది.

స్వరూపకు ఆ ఆపరేషన్ కావాలి. ఎంత కావాలో పైకి చెప్పుకోవడానికి సిగ్గుపడేటంత కావాలి. తండ్రి నోట మళ్లీ తన పేరు వినాలని ఉంది. పదేళ్ల తన పని లోకానికి తెలియాలని కూడా ఉంది. ఈ రెంటిలో ఏది ముందో తనకే తెలియక అద్దంలో ముఖం చూసుకోవడం మానేసింది.

మొదటి వారం సంఘం వచ్చింది. స్వరూప తండ్రి ఎడమ చెయ్యి పట్టుకుని మంచం అంచున కూర్చుంది. సంఘం పెద్ద, నెరిసిన జుట్టు డాక్టరమ్మ, ముందుకు వంగి నెమ్మదిగా అడిగింది. "కొమురయ్యగారూ, ఆపరేషన్ గురించి మీ అమ్మాయి అంతా చెప్పింది కదా. ప్రమాదం కూడా తెలుసు కదా. చేయమంటారా?"

కొమురయ్య తల ఎటూ ఊపకుండా కూతురి వైపు చూశాడు. ఊపిరి బిగబట్టాడు. "నీ యవ్వ" అన్నాడు, పొట్టిగా, తెగినట్టు.

"సరే" అంది దుబాసి.

రెండో వారమూ అంతే. అదే చూపు, అదే ఊపిరి, అదే మాట. దుబాసి మళ్లీ "సరే" అంది. రాజుగారు వాకిట్లోకి రాగానే స్వరూపతో గట్టిగా చేతులు కలిపారు.

వాళ్లు వెళ్లాక ఉప్పలమ్మ కూతురి ఎదుటికొచ్చి నిలబడింది. "బిడ్డా, మీ బాపు సరే అంటలేడే."

"మరేమంటాండు అమ్మా?"

"అది నాకు సుత తెల్వది. నాకు తెల్వంది గదొక్కటే. ఫ్యానంటె తెలుత్తది, దూపై నీళ్లడిగితె తెలుత్తది. ఆ పొట్టి మాట నాకు సమజైతలేదు. కని సరే అయితె కాదు."

ఆ మాట స్వరూపను కుదురుగా ఉండనివ్వలేదు. మర్నాడు కేంద్రానికి వెళ్లి రికార్డులు తెరిచింది. తెర మీద ఆ రెండు జవాబుల గీతలూ ఒకేలా ఉన్నాయి. ముందు ఊపిరి ఆగుతుంది. భుజం, మెడ కండరాలన్నీ బిగుసుకుంటాయి. మాట పడుతుంది. పడ్డాక సడలాల్సిన కండరాలు సడలవు, అలాగే బిగిసి ఉంటాయి. కోపంలో అలా ఉండదు. ప్రేమలో ఉండదు. నొప్పిలో ఉండదు. పది వేల తిట్లలో ఒక్కటి కూడా అలా లేదు. మరి దుబాసి సరే అని ఎందుకంది? ఏ గడిలోనూ పట్టనప్పుడు, కాస్త దగ్గరగా ఉన్న గడిలో వేసేయమని దానికి నేర్పింది తానే.

"ఇది సరే కాదు సార్," అంది రాజుగారితో.

"కాదు అని ఎలా చెప్పగలరమ్మా? 'వద్దు' గడికి ఇంకా దూరంగా ఉంది చూడండి." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నాకూ అర్థం కావట్లేదు, అబద్ధమెందుకు? కానీ వచ్చే వారం మూడోసారి. అప్పటికి ఏదో ఒకటి తేలాలి కదండీ."

ఆ గీతను తండ్రి ఎక్కడ నేర్చుకున్నాడు? ఇంట్లో కాదు, ఇంట్లో ఆయన ఆ మాట ఎన్నడూ అనలేదు. ఇల్లు కాకపోతే ఆయన బతికిన చోటు ఒక్కటే ఉంది. స్వరూప ఆ సాయంత్రం తల్లికి చెప్పకుండా యాకూబ్ ఇంటికి వెళ్లింది.

యాకూబ్ మర్నాడు పొద్దున్నే వచ్చాడు. ఉప్పలమ్మ అలవాటుగా "పండుకున్నడు" అనబోయింది. లోపల నుంచి కొమురయ్య యాకూబ్ దగ్గు విని, "నీ యవ్వ!" అని కేకేశాడు.

యాకూబ్ ఉప్పలమ్మను దాటుకుని లోపలికి నడిచాడు. "నీ యవ్వ కొంరన్నా!" అన్నాడు. ఇద్దరు ముసలివాళ్లూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని, కళ్లనీళ్లు కారుతుండగా, విరగబడి నవ్వారు. దుబాసి పాపం రెండుమూడుసార్లు ఏదో చెప్పబోయింది గాని ఎవరూ పట్టించుకోలేదు. పదకొండు నెలల తర్వాత ఆ ఇంట్లో అదే మొదటి నవ్వు. వదినా, ఈ ఒక్క మాట కోసం నన్ను వాకిట్లకెళ్లి ఎల్లగొట్టినవా అని యాకూబ్ అడిగితే, ఉప్పలమ్మ తల వంచుకుని చాయ్ పెట్టడానికి వెళ్లింది.

స్వరూప అతనికి రికార్డు వినిపించింది, సంఘం ముందు తండ్రి అన్న ఆ పొట్టి మాటను. యాకూబ్ ముఖంలో నవ్వు పోయింది.

"ఇది ఎప్పుడన్నడు బిడ్డా?"

"ఆపరేషన్ గురించి అడిగినప్పుడు. ఏంది మామా? నీకు తెలుసా?"

యాకూబ్ వంటింటి పక్కన మూలనున్న పాత రోలు వైపు చూపించాడు. "గది పట్టు. నువ్వొక దిక్కు, నేనొక దిక్కు. జర పైకి లేపుదాం."

స్వరూప తండ్రి మెడ నుంచి పట్టీ తీసి యాకూబ్ మెడకు కట్టింది. ఇద్దరూ వంగి రోలును జానెడు పైకి లేపారు. బరువుకు స్వరూప వేళ్లు తెగిపోతున్నట్టనిపించింది. యాకూబ్ ఊపిరి బిగబట్టి, "నీ యవ్వ!" అన్నాడు.

స్వరూప అతని వైపు అయోమయంగా చూసింది. యాకూబ్ వదల్లేదు. అతని చేతులు వణుకుతున్నాయి, మెడ నరాలు ఉబ్బుతున్నాయి.

"దించు మామా!"

"ఎట్ల దించాలె? తీసిన అను! చెయ్యి గుంజుకొని తీసిన అను! నువ్వు అననిది నేనెట్ల ఇడుత్త?"

"తీసిన!" అని స్వరూప చేతులు లాక్కుంది. రోలు దబ్బున నేల మీద పడింది.

యాకూబ్ గోడకు చేరగిలబడి ఆయాసపడుతూ చెప్పాడు. పట్టా మోసేటప్పుడు పన్నెండు మంది కలిసి లేపుతారు. లేపేటప్పుడు మేటు ఏదో బూతు పాట కడతాడు, అందరూ అందుకుంటారు, అది నవ్వులకు. కానీ దించేటప్పుడు నవ్వులుండవు. ఎవరికి శక్తి అయిపోతే వాడు ముందుగా ఆ మాట అనాలి. నేను ఇడుస్తున్న, నీ చెయ్యి తీసుకో అని దానర్థం. మిగతా వాళ్లందరూ ఒక్కొక్కరుగా 'తీసిన' అనాలి. ఆఖరివాడు అనేదాకా, ప్రాణం పోతున్నా సరే, వాడు వదలకూడదు.

"తిట్టెందుకు పెట్టుకున్నారు?"

"దేవుని పేరు పెడితె మనిషి కండ్లు మూసుకొని మొక్కుతడు. తిట్టిండనుకో, చెయ్యి జర్రున ఎనుకకు గుంజుకుంటడు. గందుకే." యాకూబ్ కొమురయ్య వైపు చూశాడు. "డ్యూటీ దిగంగనె నల్లా కాడ నోరు పుక్కిలిచ్చి ఇండ్లకు పోయేటోల్లం. లైను మాట లైను మీదనె ఉండాలె. మీ బాపు అండ్ల ఎన్నడు తప్పలేదు."

స్వరూప తెర తెరిచింది. యాకూబ్ గీత, తండ్రి గీత, ఒకదాని మీద ఒకటి పెడితే అచ్చంగా సరిపోయాయి. ఆమె నాలుగు నెలల రికార్డులను వెనక్కి తిప్పి ఆ గీత ఇంకెక్కడుందో వెతికింది. ఎనిమిది వందల పైచిలుకు చోట్ల ఉంది. తల్లి తండ్రిని చంకల కింద పట్టి లేపి కూర్చోబెట్టినప్పుడు. తాను ఆయన చెయ్యి పట్టుకుని వ్యాయామం చేయించినప్పుడు. సంఘం ముందు ఆయన చెయ్యి వదలకుండా కూర్చున్నప్పుడు. ఎవరైనా ఆయనను పట్టుకున్న ప్రతిసారీ, వాళ్లు తనతోపాటు ఏదో బరువు మోస్తున్నారన్నట్టు, తాను దించబోతున్నానని ఆయన చెబుతూనే ఉన్నాడు. జవాబు రాలేదు కాబట్టి వదలకుండా పట్టుకునే ఉన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చిన రాజుగారు ఆ గీతలను మళ్లీ మళ్లీ చూశారు. "పన్నెండో గడి," అన్నారు చివరికి. "సరే అమ్మా. వదులుతున్నాడు. ఏం వదులుతున్నట్టు? భయాన్నా? అయితే ఆపరేషన్ చేయమన్నట్టే కదా. ప్రాణాన్నా? అయితే వద్దన్నట్టు."

"ఏం దించుతాండో మోసేటోనికే ఎరుక సారూ," అన్నాడు యాకూబ్. "దించకు అని మాత్రం ఎవ్వలు అనరాదు. గది లైను మీద లేదు."

ఉప్పలమ్మ భర్త కాళ్ల దగ్గర కూర్చుని, దుప్పటి సరిచేసి, సరిచేసిన దుప్పటినే మళ్లీ సరిచేసింది.

ఆ వారమంతా స్వరూప తండ్రిని ఎన్ని విధాల అడగాలో అన్ని విధాల అడిగింది. ఆపరేషన్ వద్దా బాపూ? కావాలా? భయమా? అలిసిపోయినవా? చెయ్యి పట్టుకుని అడిగితే ఆ పొట్టి మాటే వచ్చేది. చెయ్యి వదిలి దూరంగా నిలబడి అడిగితే కొమురయ్య ఆమెను చూసి నవ్వేవాడు, అవునని గాని కాదని గాని తల ఊపేవాడు కాదు. ఆమెకు పిచ్చెక్కినట్టయింది. మాటలోని అర్థమంతా దొరికిపోయింది, తండ్రి ఏమనుకుంటున్నాడో మాత్రం దొరకలేదు.

మూడోసారి సంఘం పొద్దున పదింటికి వచ్చింది. ఈసారి గదిలో యాకూబ్ కూడా ఉన్నాడు. ఉప్పలమ్మ భర్త పాదాల మీద చెయ్యి వేసి కూర్చుంది. యాకూబ్ ఆయన భుజం పట్టుకున్నాడు. స్వరూప ఎప్పటిలాగే ఎడమ చెయ్యి పట్టుకుంది. పట్టుకోకుండా ఉండాలనే అనుకుంది గాని, చెయ్యి మాట వినలేదు.

డాక్టరమ్మ అడిగింది. "కొమురయ్యగారూ, ఇది ఆఖరుసారి. ఆపరేషన్ చేయమంటారా?"

కొమురయ్య ఊపిరి బిగబట్టాడు. "నీ యవ్వ."

కొత్త పాఠం నేర్చుకున్న దుబాసి తడబడకుండా చెప్పింది. "నేను వదులుతున్నాను. మీ చేతులు తీసుకోండి."

సంఘంలో ఒకాయన కలం పైకెత్తి, "ఇది అవునా, కాదా?" అన్నాడు. కొమురయ్య మెడ కండరాలు తాళ్లలా బిగిసి ఉన్నాయి. ఆయన ఎదురుచూస్తున్నాడు.

"తీసిన," అన్నాడు యాకూబ్. భుజం మీది చెయ్యి తీసి వెనక్కి జరిగాడు.

ఉప్పలమ్మ పెదవులు కదిలాయి. నలభై ఏళ్లలో భర్త పని గురించి ఒక్క ముక్క తెలియని మనిషి, వారం కింద విన్న మాటను తానూ అంది. "తీసిన." పాదాల మీది చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది.

ఇక ఒక్క చెయ్యే ఉంది.

స్వరూప తండ్రి ముఖంలోకి చూసింది. ఆపరేషన్ జరిగితే ఆయన మాట మళ్లీ వినొచ్చు. అవునని ఇప్పుడు తాను చెబితే ఈ గదిలో కాదనేవాళ్లు లేరు. చెయ్యి వదిలితే ఆ పలక ఎవరికో వెళ్తుంది, తండ్రి నోట తన పేరు ఇక ఎప్పటికీ రాదు. ఆయనకు ఆపరేషన్ కావాలని ఉందేమో, తాను వదిలేసి అన్యాయం చేస్తోందేమో. వద్దని ఉందేమో, పట్టుకుని హింసిస్తోందేమో. ఎంత ఆలోచించినా అటో ఇటో తేలలేదు. తేలింది ఒక్కటే. ఆయన చెయ్యి కింద బరువుంది, దాని కింద తన వేళ్లున్నాయి, అవి నలగకూడదని ఆయన పదకొండు నెలలుగా ఊపిరి బిగబట్టుకుని మోస్తున్నాడు.

"తీసిన బాపూ," అంది. వేళ్లు ఒక్కొక్కటే విడదీసుకుంది.

కొమురయ్య ఊపిరి వదిలాడు. మెడ సడలింది, భుజం సడలింది, ఎడమ పిడికిలి విచ్చుకుని అరచెయ్యి దుప్పటి మీద వెల్లకిలా పడింది. ఆయన కళ్లు మూసుకున్నాడు. ఉప్పలమ్మ భయపడి గుండెల మీదికి వంగి చూసింది. నిద్రపోయాడు, అంతే. ఇన్ని నెలల్లో ఇంత నిండుగా నిద్రపోవడం ఎవరూ చూడలేదు.

డాక్టరమ్మ లేచి నిలబడి మెల్లగా అడిగింది. "ఏం రాయమంటారమ్మా? సమ్మతించారనా, లేదనా?"

"నాకు తెలియదు మేడమ్."

"తెలియదు అంటే ఆపరేషన్ చేయలేమమ్మా."

"చేయకండి," అంది స్వరూప. ఆ మాట అన్నది తానేనా అన్నట్టు రాజుగారి వైపు చూసింది. ఆయన కళ్లజోడు తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డారు, తుడుచుకోలేదు.

సంఘం వెళ్లిపోయింది. యాకూబ్ వాకిట్లో బీడీ ముట్టించుకున్నాడు. ఉప్పలమ్మ జావ కాచడానికి లేచింది. స్వరూప మంచం పక్కన అలాగే కూర్చుంది. తాను తండ్రి మాట విన్నట్టో, తండ్రిని విడిచిపెట్టినట్టో తెలియలేదు. దుప్పటి మీద ఆయన అరచెయ్యి తెరుచుకుని ఉంది, చేతికి అందేంత దగ్గరలో. ఆమె తన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది, తీసి మోకాళ్ల మీద పెట్టుకుంది, మళ్లీ ఒళ్లోకి తెచ్చుకుంది. వాటిని ఇక ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు.